కాలేజీ గడపలో ఇంగ్లీషు కొలత: ఎవరి కోసం, ఎలా?

కడప జిల్లా పెండ్లిమర్రి మండలంలో పదో తరగతి ముగించిన అమ్మాయికి ఇంటికి దగ్గర్లోనే పెద్ద చదువుల దారులు ఇప్పుడు చాలా ఉన్నాయి. పదిలో మంచి మార్కులొస్తే ఇడుపులపాయలోని ట్రిపుల్ ఐటీ. ఇంటర్ తర్వాత ఇంజనీరింగ్ కావాలంటే పులివెందులలో 2006లో మొదలైన జేఎన్‌టీయూ కళాశాల, లేదా ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయం నడుపుతున్న ఇంజనీరింగ్ కళాశాల. పశువైద్యం చదవాలన్నా ప్రొద్దుటూరే. డిగ్రీకి కడప, జమ్మలమడుగు, పులివెందుల, ప్రొద్దుటూరు, ఎటు చూసినా కళాశాలలే. ఇరవై ఏళ్ల కిందట ఇన్ని లేవు. ఈ ప్రాంతపు పిల్లలు తిరుపతికో అనంతపురానికో పోవాల్సి వచ్చేది.

ఈ దారులన్నిట్లోనూ పాఠం ఇంగ్లీషులోనే నడుస్తుంది. అయినా చేరిన రోజున ఆ అమ్మాయికి ఎంత ఇంగ్లీషు వచ్చో, చదివితే ఎంత అర్థమవుతుందో, వింటే ఎంత పట్టుకోగలదో, నాలుగు వాక్యాలు సొంతంగా రాయగలదో లేదో తెలుసుకునే ఏర్పాటు ప్రవేశ విధానంలో ఎక్కడా లేదు. తెలియదు కాబట్టి అందరికీ ఒకే పాఠం చెబుతున్నారు. కడపలో కాన్వెంటు చదువు చదివిన పిల్లాడికీ, మారుమూల పల్లెలో జిల్లా పరిషత్ బడి నుంచి వచ్చిన పిల్లకీ మొదటి సెమిస్టర్లో ఒకే ఇంగ్లీషు పుస్తకం, ఒకే వేగం.

చేరగానే స్థాయి తెలుసుకునే పరీక్ష పెట్టాలన్న ఆలోచన ప్రపంచంలో చాలా చోట్ల అమలయింది. కొన్ని చోట్ల మేలు చేసింది, కొన్ని చోట్ల కీడు చేసింది. ఆ అనుభవాలను మన కడప జిల్లా పరిస్థితి పక్కన పెట్టి చూడటం ఈ వ్యాసం పని.

ప్రవేశంలో ఇంగ్లీషు స్థానం

ఇంజనీరింగ్ ప్రవేశానికి పెట్టే ఈఏపీసెట్ పరీక్షలో 160 ప్రశ్నలుంటాయి. గణితం 80, భౌతికశాస్త్రం 40, రసాయనశాస్త్రం 40. ఇంగ్లీషుకు ఒక్కటీ లేదు. ప్రశ్నపత్రం ఇంగ్లీషుతో పాటు తెలుగులోనూ ఇస్తారు. అది న్యాయమే. గణితం వచ్చిన పిల్లవాణ్ని భాష పేరుతో వెనక్కి నెట్టకూడదు. కానీ తెలుగులో ప్రశ్న చదివి ర్యాంకు తెచ్చుకున్న పిల్లవాడు రెండు నెలల తర్వాత ఇంగ్లీషు మాత్రమే వినిపించే గదిలో కూర్చుంటాడు. ఈ రెంటి మధ్య వంతెన వేసే బాధ్యత ఎవరిదో ఎక్కడా రాసి లేదు.

డిగ్రీ ప్రవేశాలు ఆన్‌లైన్లో ఇంటర్ మార్కుల మీద జరుగుతాయి. ఎంబీఏ, ఎంసీఏలకు పెట్టే ఐసెట్‌లో 200 ప్రశ్నలకు 70 ప్రశ్నలు భాషా సామర్థ్యానికి కేటాయించారు. కానీ ఆ మార్కులు ర్యాంకులో కలిసిపోతాయి. ఈ విద్యార్థి చదవడంలో బలహీనుడు, ఆ విద్యార్థి రాయడంలో బలహీనుడు అని చేర్చుకున్న కళాశాలకు ఎవరూ చెప్పరు.

పాలిటెక్నిక్ పిల్లల సంగతి ఇంకా ఇబ్బంది. ఈసెట్ రాసి వాళ్లు నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరతారు. ఇంగ్లీషు పాఠమూ, దాని ల్యాబూ సాధారణంగా మొదటి ఏడాదిలోనే ముగుస్తాయి. సాయం ఎక్కువగా కావాల్సిన వాళ్లకే ఆ పాఠం అందకుండా పోతోంది.

ఇంగ్లీషు మార్కులు ఉన్నాయి కదా, పదిలో ఒకసారి, ఇంటర్లో ఏటా వస్తున్నాయి కదా అనవచ్చు. ఆ మార్కులు ఎలా వస్తాయో బడిలో పాఠం చెప్పే ప్రతి ఒక్కరికీ తెలుసు. ఉత్తరాలు, వ్యాసాలు, పాఠం వెనక ప్రశ్నలకు జవాబులు గైడు చూసి బట్టీ పెడతారు. ఇంటర్ వార్షిక పరీక్షలో వినడానికి, మాట్లాడటానికి చోటు దాదాపు లేదు. తొంభై మార్కులు తెచ్చుకున్న విద్యార్థి కొత్త పేరా ఒకటి ఇస్తే తడబడటం, అరవై తెచ్చుకున్న విద్యార్థి దాన్ని చక్కగా చదివి చెప్పడం రెండూ జరుగుతాయి. మార్కు అబద్ధం చెప్పడం లేదు. అది కొలిచింది వేరు, మనకు కావలసింది వేరు.

ఒకప్పుడు మరో గుర్తు ఉండేది. తెలుగు మీడియమా, ఇంగ్లీషు మీడియమా అని అడిగితే అధ్యాపకుడికి ఒక అంచనా దొరికేది. ఇప్పుడు ఆ గుర్తూ చెరిగిపోతోంది. రాష్ట్ర ప్రభుత్వం 2019 చివర్లో ప్రభుత్వ బడులను ఇంగ్లీషు మాధ్యమంలోకి మార్చే ఉత్తర్వులిచ్చింది. 2020 ఏప్రిల్లో హైకోర్టు వాటిని కొట్టివేసింది. వ్యాజ్యం సుప్రీంకోర్టుకు చేరినా ఇంగ్లీషు మాధ్యమం మాత్రం విస్తరిస్తూనే వచ్చింది. పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు వచ్చాయి. 2025లో పదో తరగతి రాసిన ఆరు లక్షల మందికి పైగా విద్యార్థుల్లో తెలుగు మాధ్యమం వాళ్లు యాభై వేల చిల్లర మాత్రమే. అంటే కాగితం మీద దాదాపు అందరూ ఇంగ్లీషు మీడియమే. ఎదురు పేజీలోని తెలుగు చదివి పాఠం అర్థం చేసుకుని, పరీక్షలో బట్టీ పట్టిన ఇంగ్లీషు రాసిన పిల్లలూ ఆ లెక్కలోనే ఉన్నారు. స్థాయిని విడిగా కొలవాల్సిన అవసరం మునుపటికన్నా ఇప్పుడే ఎక్కువ.

కళాశాల వైపు నుంచీ ఇదే జరిగింది. 2021-22 నుంచి డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీషు మాధ్యమంలోనే ఉండాలని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. అంతకుముందు ఏడాది డిగ్రీలో చేరినవాళ్లలో అరవై వేల మందికి పైగా తెలుగు మాధ్యమం ఎంచుకున్నారు. 1968లో తెలుగు అకాడమీ పెట్టి, డిగ్రీ పుస్తకాలు తెలుగులో రాయించి, ఊరి పిల్లలకు కళాశాల తలుపు తెరిచిన కాలం ఆ నిర్ణయంతో ముగిసింది. ఆ నిర్ణయం మంచిదా చెడ్డదా అన్న వాదన వేరు. తలుపు మార్చినవాళ్లు గడప ఎత్తు ఎంతో కొలవకపోవడం మాత్రం తప్పు.

బ్రౌన్ రాసిన పరీక్ష

భాష రానివాడు ఉద్యోగానికో చదువుకో వస్తే ఏం చేయాలన్న ప్రశ్న కడపకు కొత్త కాదు. రెండు వందల ఏళ్ల కిందట ఈ ప్రశ్న తలకిందులుగా ఉండేది. తెలుగు రాని ఇంగ్లీషువాళ్లు తెలుగు జిల్లాలకు అధికారులుగా వచ్చేవాళ్లు. వాళ్ల కోసం ఈస్టిండియా కంపెనీ 1812లో మద్రాసులో సెయింట్ జార్జి కోట కళాశాల పెట్టింది. అక్కడ దేశభాషలు నేర్చుకుని పరీక్షలో నెగ్గాకే పనిలోకి పంపేవాళ్లు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1817లో అలా వచ్చినవాడే. వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర తెలుగు నేర్చుకుని, 1820లో కడపకు వచ్చాడు. ఆయన తెలుగుకు చేసిన సేవ అందరికీ తెలిసిందే. కడపలో ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేరుతో భాషా పరిశోధన కేంద్రం నడుస్తోంది.

ఇందులో గమనించాల్సింది బ్రౌన్ ప్రతిభ ఒక్కటే కాదు, ఏర్పాటు కూడా. కంపెనీ పరీక్ష పెట్టింది. దానికి ముందు గురువునిచ్చింది, పుస్తకాలిచ్చింది, నేర్చుకునే కాలంలో జీతమిచ్చింది. పాలకులు తమ పిల్లల విషయంలో ఎంచుకున్న పద్ధతి అది. పెండ్లిమర్రి పిల్లకు అంతకన్నా తక్కువ ఇవ్వడానికి ఏ కారణమూ కనపడదు.

ఈ పరీక్ష ఏమిటి, ఏది కాదు

ప్రవేశ పరీక్ష సీటు ఎవరికి ఇవ్వాలో తేలుస్తుంది. సెమిస్టర్ పరీక్ష చెప్పిన పాఠం ఎంత వచ్చిందో తేలుస్తుంది. స్థాయి పరీక్ష ఈ రెండూ చేయదు. సీటు వచ్చేసింది, పాఠం ఇంకా మొదలవలేదు. ఆ మధ్యలో, ఈ విద్యార్థికి పాఠం ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చెప్పడం దాని పని. వైద్యుడు మందు రాసే ముందు చేయించే రక్తపరీక్ష లాంటిది. అందులో పాసూ ఫెయిలూ ఉండవు. రిపోర్టు వచ్చాక మందు ఇవ్వకపోతే పరీక్ష చేయించడమే దండగ.

ఇది చెప్పినంత తేలిక కాదు. పరీక్షలో రెండు రకాల తప్పులు జరుగుతాయి. వచ్చినవాణ్ని రాదని కింది తరగతిలో వేయడం ఒకటి. రానివాణ్ని వచ్చనుకుని పై తరగతిలో వదిలేయడం ఇంకొకటి. ఏ పరీక్షా ఈ రెంటినీ పూర్తిగా తప్పించలేదు. ఏ తప్పు ఎక్కువ నష్టం చేస్తుందో, దాన్ని ఎంత తొందరగా సరిదిద్దగలమో ముందే ఆలోచించినవాళ్ల పరీక్ష నిలబడింది. ఆలోచించనివాళ్ల పరీక్ష పిల్లల్ని ముంచింది.

కాలిఫోర్నియా నేర్పిన పాఠం

అమెరికా ఈ విషయంలో చాలా ఏళ్లు ప్రయోగాలు చేసింది. అక్కడి కమ్యూనిటీ కాలేజీల్లో ఎవరైనా చేరవచ్చు. చేరగానే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి అక్యుప్లేసర్, కంపాస్ వంటి పరీక్షలు పెట్టేవాళ్లు. మార్కు తగ్గినవాళ్లు ముందు ఒకటో రెండో మూడో క్రెడిట్ లేని కోర్సులు పూర్తి చేయాలి. ఆ తర్వాతే అసలు డిగ్రీ ఇంగ్లీషు. ఆ వరుసలో ప్రతి మెట్టు దగ్గరా కొందరు ఆగిపోయేవాళ్లు. ఫెయిలయ్యి కొందరు, విసిగిపోయి కొందరు, ఫీజు కట్టలేక కొందరు.

కొలంబియా విశ్వవిద్యాలయంలోని కమ్యూనిటీ కాలేజీ పరిశోధన కేంద్రం నుంచి 2012లో జూడిత్ స్కాట్ క్లేటన్ ఒక అధ్యయనం వెలువరించారు. ఒక పెద్ద నగరపు కాలేజీల లెక్కలు తీసి చూస్తే, పరీక్ష రాసినవాళ్లలో గణితంలో సుమారు నలుగురిలో ఒకరు, ఇంగ్లీషులో సుమారు ముగ్గురిలో ఒకరు తీవ్రంగా తప్పు చోట పడుతున్నారని తేలింది. పై తరగతిలో నెగ్గగలిగిన పిల్లలు కింద ఇరుక్కుపోవడం అందులో ఎక్కువ భాగం. హైస్కూలు మార్కులను కూడా కలిపి చూస్తే తప్పులు తగ్గుతాయని ఆమె చూపించారు.

దాని తర్వాత గాలి మారింది. కంపాస్ పరీక్షను తయారు చేసిన సంస్థే 2016లో దాన్ని ఆపేసింది. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 1970ల నుంచి నడుపుతున్న తన ఇంగ్లీషు స్థాయి పరీక్షను 2017లో రద్దు చేసింది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ కమ్యూనిటీ కాలేజీలకు చట్టం తెచ్చింది. విద్యార్థి ఏడాదిలోపు డిగ్రీ స్థాయి ఇంగ్లీషు పూర్తి చేసే అవకాశం గరిష్ఠంగా ఉండేలా చేర్చుకోవాలి, హైస్కూలు మార్కులను పరిగణించాలి అన్నది దాని సారం. కింది తరగతులకు బదులు, అసలు తరగతిలోనే కూర్చోబెట్టి పక్కన అదనపు గంటలు ఇచ్చే పద్ధతి బలపడింది.

దీన్ని చూసి, అమెరికానే వద్దనుకున్న పరీక్ష మనకెందుకు అని తేల్చేయడం తొందరపాటు అవుతుంది. రెండు తేడాలున్నాయి. అక్కడి హైస్కూలు మార్కుల వెనక నాలుగేళ్ల రాత పని ఉంటుంది, ఇక్కడి మార్కుల వెనక గైడు ఉంది. రెండోది, ఆ చట్టమే ఇంగ్లీషు రెండో భాషగా నేర్చుకునేవాళ్లకు ఏడాది సరిపోదని ఒప్పుకుని మూడేళ్ల గడువు ఇచ్చింది. మన పిల్లలు ఆ రెండో వర్గానికి చెందినవాళ్లు. కాలిఫోర్నియా నుంచి నేర్చుకోవాల్సింది ఒక్కటే: పరీక్ష పేరుతో విద్యార్థిని అసలు చదువు బయట నిలబెట్టకూడదు.

మన ఇళ్ల నుంచి అమెరికా పోయిన పిల్లలకు ఈ పరీక్షలు మరో రూపంలో ఎదురవుతాయి. టోఫెల్‌లోనో ఐఈఎల్‌టీఎస్‌లోనో గట్టెక్కి ప్రవేశం తెచ్చుకుని విమానం దిగాక, ఇల్లినాయ్, అయోవా స్టేట్ వంటి విశ్వవిద్యాలయాల్లో నిర్ణీత మార్కు రానివాళ్లు మళ్లీ అక్కడి స్థాయి పరీక్ష రాయాలి. దాన్నిబట్టి రాత తరగతులు తీసుకోవాలి. టీచింగ్ అసిస్టెంట్ పని కావాలంటే మాట్లాడే పరీక్ష వేరే ఉంటుంది. చాలామందికి అది అవమానంగా అనిపిస్తుంది. ఇంజనీరింగ్ నాలుగేళ్లు ఇంగ్లీషులో చదివిన వాళ్లకు సొంతంగా రెండు పేజీలు రాసే పని అక్కడ మొదటిసారి పడటం మన కళాశాలలు ఆలోచించాల్సిన విషయం.

ఆక్లండ్, ప్రిటోరియా చూపిన దారి

న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయం ఈ శతాబ్దం తొలి ఏళ్లలో డెల్నా అనే పరీక్ష మొదలుపెట్టింది. దాని గొప్పతనం దాన్ని నడిపే తీరులో ఉంది. మొదటి ఏడాది విద్యార్థులందరూ రాస్తారు, ఇంగ్లీషు తల్లిభాష అయినవాళ్లు కూడా. అందుకని అది ఎవరి నుదుటి మీదా ముద్ర వేయదు. ముందు అరగంటలో అయిపోయే చిన్న పరీక్ష పదాలు, చదివే వేగం చూస్తుంది. అందులో తడబడినవాళ్లకు మాత్రమే వినడం, చదవడం, రాయడం చూసే పెద్ద పరీక్ష. ఆ ఫలితం వల్ల ఎవరి సీటూ పోదు, మార్కుల జాబితాలో అది కనపడదు. ఆ తర్వాత సలహాదారు విద్యార్థితో కూర్చుని ఎక్కడ ఏ సాయం దొరుకుతుందో చెబుతాడు.

దక్షిణాఫ్రికా పరిస్థితి మనకు ఇంకా దగ్గర. ఇంట్లో ఒక భాష, బడిలో సగం ఒకటి సగం ఇంకొకటి, విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు. అక్కడ ప్రిటోరియా, స్టెలెన్‌బాష్, నార్త్ వెస్ట్ విశ్వవిద్యాలయాలు కలిసి 2004 నుంచి టాల్ అనే పరీక్ష నడిపాయి. ఆ పరీక్ష వ్యాకరణంతో ఆగదు. పటం చూసి అర్థం చెప్పగలడా, రెండు వాక్యాల మధ్య కారణాన్ని పట్టుకోగలడా, చెదిరిన పేరాను వరుసలో పెట్టగలడా అని అడుగుతుంది. అంటే చదువుకు కావలసిన భాషను కొలుస్తుంది. ఇంగ్లీషుతో పాటు ఆఫ్రికాన్స్ భాషలోనూ ఈ పరీక్ష ఉంది.

ఆ చివరి విషయం మనకు బంగారం. కెనడా పండితుడు జిమ్ కమిన్స్ 1979లో చెప్పిన తేడా ఇక్కడ ఉపయోగపడుతుంది. ఇరుగుపొరుగుతో మాట్లాడే భాష వేరు, పాఠం చదివి ఆలోచించే భాష వేరు. రెండోది ఒక భాషలో గట్టిగా వస్తే మరో భాషలోకి చాలావరకు దాటుతుంది. ఈ మాటను మన తరగతికి అన్వయిస్తే ఇద్దరు విద్యార్థులు కనపడతారు. ఒకరు ఈనాడులో సంపాదకీయం చదివి సారం చెప్పగలరు, ఇంగ్లీషు పేరా మాత్రం అర్థం కాదు. మరొకరికి తెలుగు పేరా కూడా కష్టమే. ఇంగ్లీషు పరీక్షలో ఇద్దరికీ ఒకే మార్కు వస్తుంది. కానీ మొదటి విద్యార్థికి పదాలు, వాక్యాల అలవాటు ఇస్తే ఆరు నెలల్లో అందుకుంటారు. రెండో విద్యార్థికి చదవడమే మళ్లీ నేర్పాలి, అదీ తెలుగుతో మొదలుపెట్టి. ఇంగ్లీషు పరీక్ష ఒక్కటే పెడితే ఈ తేడా ఎప్పటికీ బయటపడదు. అందుకే మన స్థాయి పరీక్షలో తెలుగు భాగం తప్పనిసరిగా ఉండాలి. ఈ వ్యాసంలో నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట ఇదే.

మన దగ్గర ఇప్పటికే ఉన్నవి

మన దేశంలో ఈ ఆలోచన బొత్తిగా లేకపోలేదు. ఢిల్లీ విశ్వవిద్యాలయం బీఏ ప్రోగ్రాంలో చాలా ఏళ్లు ఇంగ్లీషును ఏ, బీ, సీ అని మూడు మెట్లుగా నడిపింది. విద్యార్థి బడిలో ఏ తరగతి దాకా ఇంగ్లీషు చదివాడన్నదే అందులో కొలమానం. పరీక్ష ఖర్చు లేని సులువైన పద్ధతి. కానీ అందరూ ఒకటో తరగతి నుంచి ఇంగ్లీషు చదివినట్టు రికార్డులున్న మన రాష్ట్రంలో ఆ కొలమానం పనికిరాదు.

ఏఐసీటీఈ 2018 నాటి నమూనా పాఠ్యప్రణాళికలో ఇంజనీరింగ్ కొత్త విద్యార్థులకు మూడు వారాల ఇండక్షన్ కార్యక్రమం పెట్టమంది. ఇంగ్లీషులో వెనకబడినవాళ్లకు ఆ రోజుల్లోనే ప్రత్యేక తరగతులు నడపవచ్చని చెప్పింది. యూజీసీ 2019లో దీక్షారంభ్ పేరుతో అన్ని ఉన్నత విద్యాసంస్థలకూ ఇలాంటి మార్గదర్శకమే ఇచ్చింది. కళాశాలల నాణ్యత చూసే న్యాక్ అయితే, చేరిన విద్యార్థుల అభ్యసన స్థాయిలను అంచనా వేస్తున్నారా, ముందున్నవారికీ వెనకబడినవారికీ ప్రత్యేక కార్యక్రమాలు ఉన్నాయా అని కళాశాలలను అడుగుతూ వచ్చింది. అంటే స్థాయి పరీక్ష పెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు. సమయం ఉంది, అనుమతి ఉంది, అడిగేవాళ్లూ ఉన్నారు. అవసరమైంది ఆ పనిని న్యాక్ ఫైలు కోసం కాకుండా విద్యార్థి కోసం చేయడం.

ఇడుపులపాయ ఉదాహరణ ఇక్కడ ముఖ్యం. 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీలు ఎక్కువగా పదో తరగతి మార్కుల మీద, పల్లె పిల్లలకు అవకాశం దక్కేలా సీట్లు ఇస్తూ వచ్చాయి. ప్రభుత్వ బడుల్లో చదివినవాళ్లకు వెనకబాటును గుర్తించి నాలుగు శాతం కలుపుతారు. ఆ నాలుగు శాతం ఈ రాష్ట్రం తీసుకున్న మంచి నిర్ణయాల్లో ఒకటి. కానీ ఆ గుర్తింపు గేటు దగ్గర ఆగిపోకూడదు, తరగతి గదిలోకీ రావాలి. అక్కడ చదువు ఆరేళ్లు. మొదటి రెండేళ్లు ఇంటర్‌కు సమానమైన చదువు. పదిహేనేళ్ల వయసులో స్థాయి తెలుసుకుంటే సరిదిద్దడానికి కావలసినంత కాలం ఉంటుంది. ఈ పరీక్షకు రాష్ట్రంలో అంతకన్నా తగిన చోటు లేదు.

బడుల్లో చేసిన ప్రయోగం కూడా చూడాలి. 2023 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం అమెరికాలోని ఈటీఎస్ సంస్థతో ఒప్పందం చేసుకుని మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా టోఫెల్ ప్రైమరీ, జూనియర్ పరీక్షలు తెచ్చింది. ప్రభుత్వ బడి పిల్లలకు వినడం కూడా ఒక పరీక్షాంశమని తెలియడం అందులో మేలు. 2024లో ప్రభుత్వం మారాక అది ఆగిపోయింది. బయటి సంస్థ మీద, ఒక ప్రభుత్వం మీద ఆధారపడిన పరీక్ష ఆ రెంటితో పాటే పోతుంది. అధ్యాపకులు తామే తయారుచేసి, తామే దిద్దే పరీక్ష నిలుస్తుంది.

మన పరీక్ష ఎలా ఉండాలి?

కాలేజీలో చేరిన తొలి వారంలో, ఒక పూట చాలు. నాలుగు భాగాలు.

మొదటిది చదవడం. మొదటి సెమిస్టర్ పాఠ్యపుస్తకం నుంచే ఒక పేజీ ఇంగ్లీషు, అంతే కష్టమున్న మరో పేజీ తెలుగు. రెంటికీ ప్రశ్నలు తెలుగులోనే అడగాలి, జవాబు ఏ భాషలో రాసినా ఒప్పుకోవాలి. ఇక్కడ చూస్తున్నది అర్థం చేసుకోవడం, అంతే.

రెండోది పదాలు. సాంకేతిక పదాలు మన పిల్లలకు ఇబ్బంది కాదు. వెలాసిటీ, మాలిక్యూల్ వాళ్లకు తెలుసు. వాళ్లను ఆపేది అజ్యూమ్, డిరైవ్, హెన్స్ లాంటి మాటలు. అన్ని సబ్జెక్టుల్లోనూ తిరిగే ఈ మాటలను అవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో 570 పదకుటుంబాల జాబితాగా కూర్చారు. ఆ జాబితా నుంచి నలభై మాటలు అడిగితే చాలు, తెలుగు అర్థం రాయమని.

మూడోది సీ-టెస్ట్. 1981లో క్రిస్టీన్ క్లైన్ బ్రేలీ, ఉల్రిక్ రాట్జ్ రూపొందించిన పద్ధతి ఇది. నాలుగు చిన్న పేరాలు తీసుకుని, మొదటి వాక్యం అలాగే వదిలి, రెండో వాక్యం నుంచి ఒక మాట విడిచి ఒక మాటలో వెనక సగం చెరిపేస్తారు. విద్యార్థి పూరించాలి. పదమూ వ్యాకరణమూ సందర్భమూ కలిపి తెలిస్తేనే కుదురుతుంది. గైడు చూసి బట్టీ పట్టడానికి వీలు లేదు, దిద్దడం తేలిక. విద్యార్థులకు కొత్త కాబట్టి ముందు ఒక పేరా బోర్డు మీద చేసి చూపించాలి.

నాలుగోది వినడం, రాయడం. ఆ కళాశాల అధ్యాపకుడే, తన మామూలు ఉచ్చారణలో, పది నిమిషాల పాఠం చెప్పాలి. విన్నది విద్యార్థి ఎనిమిది పది వాక్యాల్లో రాయాలి. రేపటి నుంచి తరగతిలో చేయాల్సిన పని అదే కదా.

భారం ఎక్కువన్న మాట నిలవదు. ఐదు వందల మంది విద్యార్థుల రాతను ఇద్దరేసి అధ్యాపకులు మనిషికి మూడు నిమిషాల చొప్పున చదివితే మొత్తం యాభై గంటలు. ఐదుగురు పంచుకుంటే తలా పది గంటలు, రెండు రోజుల పని. ఒక మిడ్ పరీక్ష పేపర్లు దిద్దడానికి ఇంతకన్నా ఎక్కువే పడుతుంది.

ఫలితం వచ్చాక

అసలు పరీక్ష ఇక్కడే మొదలవుతుంది. ఫలితాన్నిబట్టి సెక్షన్లు విడగొట్టకూడదు. విడగొడితే కింది సెక్షన్లో ఎవరుంటారో ఈ జిల్లా తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ప్రభుత్వ బడుల పిల్లలు, దళిత వాడల పిల్లలు, కూలికి పోయే ఇళ్ల పిల్లలు ఒక గదిలో చేరతారు. చదువు పేరుతో కట్టిన అలాంటి గోడను ఎవరూ సమర్థించలేరు. గణితం, భౌతికశాస్త్రం, చరిత్ర అందరూ కలిసే చదవాలి. ఇంగ్లీషు గంటలో మాత్రం, అదీ వారానికి కొన్ని గంటలు, గుంపులు మారాలి. సాయం కావలసినవాళ్లకు అదనపు గంటలు, ఆ గంటలకు క్రెడిట్ ఇవ్వాలి. స్లో లెర్నర్ అన్న మాట ఏ బోర్డు మీదా, ఏ రిజిస్టర్ మీదా కనపడకూడదు.

గుంపులను విడదీసే గీత దగ్గర ఉన్నవాళ్ల విషయంలో మార్కును నమ్మకూడదు. మూడు వారాల్లోపు అధ్యాపకుడి మాట మీద, విద్యార్థి కోరిక మీద గుంపు మారే వీలుండాలి. సెమిస్టర్ చివర అదే రకం పరీక్ష మళ్లీ పెట్టాలి. పిల్లలు ఎంత ముందుకు వచ్చారో దానితో తెలుస్తుంది, మన బోధన ఎంత పని చేసిందో కూడా తెలుస్తుంది. ఈసెట్ పిల్లలకు రెండో ఏడాది మొదట్లో ఇదే పరీక్ష, ఇవే గంటలు దక్కాలి.

అభ్యంతరాలు లేకపోలేదు. దీనికీ కోచింగ్ సెంటర్లు వెలుస్తాయని ఒకటి. ర్యాంకు లేని, సర్టిఫికెట్ లేని పరీక్షకు కోచింగ్ ఎవరూ కొనరు. ఆ మార్కును ఉద్యోగాల కంపెనీలకు చూపించడం మొదలుపెడితే మాత్రం కొంటారు, కాబట్టి చూపించకూడదు. అధ్యాపకులు చాలరన్నది ఇంకో అభ్యంతరం. ఇది నిజం. గెస్టు, కాంట్రాక్టు అధ్యాపకుల మీద నడిచే ఇంగ్లీషు విభాగాలు చాలా ఉన్నాయి. ఏ కళాశాలలో ఎంతమంది పిల్లలకు ఎన్ని గంటల సాయం కావాలో లెక్క చేతిలో ఉంటే, పోస్టులు అడగడానికి అంతకన్నా బలమైన కాగితం ఉండదు.

ఇంతా చూశాక నా తీర్పు ఇది. స్థాయి పరీక్ష పెట్టాలి, కానీ మూడు షరతుల మీద. ఎవరి సీటూ, ఎవరి ఏడాదీ దానివల్ల పోకూడదు. ఇంగ్లీషుతో పాటు తెలుగునూ కొలవాలి. ఫలితం వచ్చిన వారంలోపు అదనపు తరగతి టైంటేబుల్లో కనపడాలి. మూడో షరతు నెరవేర్చలేని కళాశాల పరీక్ష పెట్టకపోవడమే మంచిది. నెరవేర్చగల కళాశాలలు మన చుట్టూ ఇప్పటికే ఉన్నాయి. ఇడుపులపాయ, పులివెందుల, ప్రొద్దుటూరు అధ్యాపకులు ఈ వేసవిలో ఒకచోట కూర్చుంటే జూన్ నాటికి ప్రశ్నపత్రం సిద్ధమవుతుంది. వచ్చే విద్యా సంవత్సరం మొదటి వారం నుంచే ఈ పని మొదలుపెట్టమని వాళ్లను కోరుతున్నాను.